జరిగిపోయినదాన్ని మార్చలేనప్పుడు, థెరపిస్టుతో మాట్లాడితే ఏం తగ్గుతుంది?

తుంగభద్ర_ఒడ్డున (ప్రశ్న)

నమస్కారం. ఈ ప్రశ్నను నెల రోజులుగా రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఈసారి పంపేస్తున్నాను.

మాది కర్నూలు. నేను హైదరాబాదులో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. 2021 మే నెలలో, కోవిడ్ రెండో విడత ముమ్మరంగా ఉన్న రోజుల్లో, మా నాన్నగారు ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి పోయారు. పెద్ద కూతురిని కాబట్టి ఆసుపత్రివారికి నా నంబరే ఇచ్చాం. అంతకు ముందు మూడు రాత్రులు కన్ను మూయకపోవడంతో తొమ్మిదో రాత్రి ఫోనును సైలెంటులో పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకు ఒకసారి, 2 గంటల 52 నిమిషాలకు ఇంకోసారి వాళ్ళు ఫోన్ చేశారు. ఐదున్నరకు లేచి చూసుకునేసరికి అంతా అయిపోయింది. ఫోన్ ఎత్తి ఉన్నా నేను చేయగలిగింది ఏమీ లేదని, వార్డులోకి ఎవరినీ రానివ్వని రోజులవని నాకు తెలుసు. ఆ తర్వాత రెండు ఫోన్లు మార్చాను కానీ, ఆ రెండు మిస్డ్ కాల్స్ ఉన్న పాత ఫోనును మాత్రం పదిహేను రోజులకొకసారి ఛార్జింగు పెట్టి, తెరిచి చూడకుండానే మళ్ళీ బీరువాలో పెడుతున్నాను.

నాలుగేళ్లు దాటినా రాత్రి రెండున్నర అయ్యేసరికి మెలకువ వచ్చేస్తుంది. పగలు ఆఫీసులో ఎవరికీ ఏ తేడా కనిపించదు. ఈ మధ్య కౌంటర్లో కళ్ళు తిరిగి పడిపోతే పరీక్షలన్నీ చేయించారు. ఏమీ లేదన్నారు. అక్కడి నుంచి సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆయన నిద్రకు చిన్న మోతాదులో మాత్రలు రాసి, వాటితో పాటు వారానికి ఒకసారి క్లినికల్ సైకాలజిస్టు దగ్గర యాభై నిమిషాలు కూర్చుని మాట్లాడాలని చెప్పారు. సెషన్‌కు పదిహేను వందలట.

నా సందేహం డబ్బు గురించి మాత్రమే కాదు. మాట్లాడటానికి నాకు మా ఆయన ఉన్నారు, చెల్లెలు ఉంది, కాలేజీ నాటి స్నేహితురాలు ఉంది. చెప్పుకున్న ప్రతిసారీ అందరూ ‘అందులో నీ తప్పేం లేదు’ అనే అన్నారు. ఆ మాట వందసార్లు విన్నా నాలో ఆవగింజంత కూడా తేడా రాలేదు. అదే మాటను పదిహేను వందలు ఇచ్చి కొత్త మనిషి నోట వింటే తేడా వస్తుందా? ‘తవ్వుకుంటే పోయినవాళ్ళు తిరిగొస్తారా, తిరుపతి వెళ్లి రా, మనసు కుదుటపడుతుంది’ అని అత్తగారు అంటున్నారు. వెళ్లి వచ్చాను కూడా. ఆ గదిలో అసలు ఏం జరుగుతుందో, జరిగితే ఎలా పనిచేస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?


కాజీపేట_లోకో (సమాధానం)

మేడం, నేను లోకో పైలట్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా బండి కింద ముగ్గురు పడ్డారు. మొదటి ఇద్దరి తర్వాత మామూలుగానే ఉన్నాను, లేదా ఉన్నాననుకున్నాను. మూడోసారి మాత్రం తట్టుకోలేకపోయాను. వంద పైచిలుకు వేగంతో వెళుతున్న బండికి ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగేసరికి దాదాపు కిలోమీటరు పోతుంది. అంటే బ్రేకు వేసి, హారన్ కొడుతూ, చూస్తూ ఉండటం తప్ప ఆ తర్వాత మా చేతిలో ఏమీ ఉండదు. మూడోసారి పడిన ఆయన పట్టాల మీద కూర్చుని ఉన్నారు. చివర్లో తల తిప్పి బండి వైపు చూశారు.

ఈ సంగతిని మెమోలో రాసిచ్చాను, విచారణలో చెప్పాను, మేం విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో తోటివారికి యాభైసార్లయినా చెప్పి ఉంటాను. మాట్లాడటమే మందు అయితే నాకు ఎప్పుడో నయమై ఉండాలి. కాబట్టి మీ సందేహం నాకు బాగా అర్థమవుతుంది. నా విషయంలో ఏం జరిగిందంటే, థెరపీలో మూడో సెషన్‌లో థెరపిస్టు ఆవిడ నన్ను మధ్యలో ఆపి, ‘మీరు కిలోమీటరు నంబరు చెప్పారు, టైము చెప్పారు, వేగం చెప్పారు. అప్పుడు మీ చేతులు ఎక్కడున్నాయి?’ అని అడిగారు. నాకు కోపం వచ్చింది. చేతులు ఎక్కడుంటే ఏమిటి అనుకున్నాను. ఒక నిమిషం తర్వాత గుర్తొచ్చింది. బండి పూర్తిగా ఆగిన తర్వాత కూడా నా చెయ్యి హారన్ మీదే బిగుసుకుపోయి ఉంటే, అసిస్టెంటు వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీశాడు. నాలుగేళ్లలో ఆ ముక్క నేను ఎవరికీ చెప్పలేదు. దాచానని కాదు, అది నాకే కనబడలేదు. అన్నిసార్లూ నేను చెప్పింది రిపోర్టు అని ఆ రోజు తెలిసింది.

తర్వాతి వారాల్లో కళ్ళు మూసుకుని ఆ రెండు నిమిషాలను ‘ఇప్పుడు జరుగుతున్నట్టు’ చెప్పించారు. దాన్ని రికార్డు చేసి, ఇంటి దగ్గర రోజూ వినమన్నారు. మొదటి రెండు వారాలు ఇంకా పాడయ్యాను, మానేద్దామనే అనుకున్నాను. ఇది ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. ఎనిమిదోసారో తొమ్మిదోసారో చెబుతున్నప్పుడు, నమ్ముతారో లేదో, నాకు ఆవలింత వచ్చింది. సిగ్గుపడి ఆపేస్తే ఆవిడ నవ్వి, ఇన్ని వారాలుగా దీనికోసమే చూస్తున్నానన్నారు. భయం అరిగిపోయి మామూలు జ్ఞాపకంగా మారడం అంటే అదేనట.

‘మీ తప్పేం లేదు’ అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ఆయన బతకాలంటే నేను ఏం చేసి ఉండాలో కాగితం మీద రాయమన్నారు. మలుపు తిరిగాక ఆయన నాకు కనిపించిన దూరం మూడు వందల మీటర్లు, బండి ఆగడానికి కావలసింది దానికి మూడింతలు. లెక్క నేనే వేశాను, కాబట్టి ఒప్పుకోక తప్పలేదు.

ఇంకో మాట. నేను మొదట వెళ్లిన థెరపిస్టు వేరే ఆయన. రెండు సిట్టింగుల్లోనూ ప్రాణాయామం గురించీ సానుకూల ఆలోచనల గురించీ ఆయనే మాట్లాడారు, నేను విన్నాను. అది నాకు కుదరలేదు, మానేసి ఏడాది పాటు మళ్ళీ ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ఆ ఏడాది వృథా అయింది. మనిషి కుదరకపోతే మనిషిని మార్చండి, పద్ధతినే వదిలేయకండి.


పాతబడి_మాస్టారు (సమాధానం)

అమ్మా, నేను వైద్యం తెలిసినవాడిని కాను. ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయినవాడిని. అయినా ఒక సంగతి చెప్పాలనిపించింది.

మా తాతయ్య పోయినప్పుడు నాకు పదేళ్లు. పరామర్శకు ఎవరు వచ్చినా మా నాయనమ్మ పక్కన కూర్చుని, ‘ఎలా జరిగింది పిన్నీ?’ అని అడిగేవారు. ఆవిడ మొదటి నుంచీ చెప్పుకొచ్చేది. మధ్యలో ఏడ్చేది, వచ్చినవారూ ఏడ్చేవారు, ఇంతలో ఇంకొకరు వచ్చేవారు, మళ్ళీ మొదటి నుంచీ. చెప్పిందే ముసలమ్మ చేత ఎందుకు చెప్పిస్తారని పిల్లవాడినైన నాకు అది క్రూరంగా తోచింది. తొలిరోజు ఆవిడ చెప్పిందంతా ఆ రాత్రి గురించే. పెద్దకర్మ నాటికి అదే కథలోకి తాతయ్య ఎడ్లబేరం, చుట్టలు కాల్చొద్దంటే దొడ్లో దాక్కుని కాల్చడం, పెళ్లిలో అలిగి వియ్యాలవారిని హడలగొట్టడం వచ్చి చేరాయి. చావు ఒక ముక్కయింది, మనిషి మొత్తం కథయ్యాడు. కోవిడ్ రోజుల్లో మీ ఇంటికి పరామర్శకు వచ్చినవారు ఎందరమ్మా? ఫోన్లో ‘ధైర్యంగా ఉండండి’ అన్నవారే కదా అందరూ. మీకు దక్కకుండా పోయింది అదేనని నా అనుమానం.

అందుచేత డబ్బిచ్చి చెప్పుకోవడం తప్పనను. కానీ నాకు రెండు అభ్యంతరాలున్నాయి. నెలకు ఆరు వేలంటే చాలా ఇళ్లలో సరుకుల ఖర్చు. పైగా ఈ చదువంతా ఇంగ్లీషులో చదివి వచ్చినవారు గిల్ట్, ట్రామా, క్లోజర్ అంటూ మాట్లాడతారు. మనకు గుండె జారుతుంది, కడుపులో దేవినట్టవుతుంది, మనసు మనసులో ఉండదు, పాపం మూటగట్టుకున్నామనిపిస్తుంది. ఇవన్నీ వేర్వేరు బాధలు. అన్నిటికీ ఒకే ఇంగ్లీషు మాట తగిలించి చికిత్స చేస్తే అది ఎవరి బాధకు చికిత్స? రెండోది, పడమటి దేశాల నుంచి వచ్చిన ఈ విద్య తండ్రి కోసం ఏడ్చే కూతురి శోకాన్ని రోగం అంటే నేను ఒప్పుకోలేను.


విశాఖ_క్లినికల్ (సమాధానం)

ఇద్దరి సమాధానాలూ చదివాక రాస్తున్నాను. నేను పద్నాలుగేళ్లుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా మీకున్నది ఫలానా అని చెప్పడం సరికాదు కాబట్టి చెప్పను. మీరు అడిగిన ‘ఎలా పనిచేస్తుంది’ అన్నదానికి మాత్రం నాకు తెలిసింది చెబుతాను.

‘నీ తప్పేం లేదు’ అనే మాట ప్రేమతో అన్నదే అయినా, అది సంభాషణకు తలుపు వేసేస్తుంది. ఆ మాట విన్నాక మీరు ఇంకేం చెప్పగలరు? పైగా మీరు ఏడిస్తే చెల్లెలు ఏడుస్తుంది, ఎందుకంటే పోయినది ఆమెకూ నాన్నే. అప్పుడు మీరు కళ్ళు తుడుచుకుని ఆమెను ఓదార్చాలి. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఇంకొకరిని కాపాడటం కోసం సగం మాటను దిగమింగుతారు. థెరపీ గదిలో ఎదుటి మనిషిని మీరు కాపాడనవసరం లేదు. ‘అసలు నేను ఆ రాత్రి విసిగిపోయి, ఇక చాలనుకుని ఫోన్ సైలెంటులో పెట్టాను’ వంటి మాట, ఇంట్లో పొరపాటున కూడా అనలేని మాట, ఒకవేళ మీలో ఉంటే, అక్కడ అనవచ్చు. అన్నాక ఎదుటివారి ముఖం మారకపోవడాన్ని మీరు చూస్తారు. చాలామందికి మలుపు అక్కడే వస్తుంది.

ఇక ఆ పాత ఫోన్ సంగతి. పారేయలేకపోవడం, తెరవలేకపోవడం, రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. తప్పించుకున్నంత కాలం మనసు ఆ జ్ఞాపకాన్ని గతంగా లెక్కవేయదు, ఇంకా నడుస్తున్న ప్రమాదంగానే చూస్తుంది. రెండున్నరకు మెలకువ రావడాన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను: ఆ రాత్రి ఎత్తని ఫోనును ఎత్తడానికి మీ శరీరం ఇప్పటికీ లేస్తోంది. లోకో పైలట్ గారు చెప్పిన పద్ధతి, అంటే భద్రంగా ఉన్న చోట, తోడు ఉన్నప్పుడు, కావాలని మళ్ళీ మళ్ళీ ఆ క్షణంలోకి వెళ్లి రావడం, మనసుకు ‘అది అయిపోయింది’ అని నేర్పుతుంది. బాధకు సరైన పేరు పెట్టడానికి కూడా పాత్ర ఉంది. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగులతో చేసిన ప్రయోగంలో, కోపం, భయం కనిపించే ముఖాలను చూసి ఆ భావానికి పేరు చెప్పినప్పుడు, భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం ఉద్రేకం తగ్గింది. ఇక్కడ మాస్టారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ పేరు మీ నోటి భాషలో ఉండాలి. ‘మూటగట్టుకున్నాను’ అనే మనిషికి ఆ మూటలో ఏమేం ఉన్నాయో విప్పించి అడగాలి తప్ప, దాన్ని గిల్ట్ అని కాగితం మీద రాసుకుని ముందుకు పోకూడదు. నేనూ మొదట్లో అలా రాసుకున్నదాన్నే.

దీర్ఘకాలం వదలని దుఃఖానికి ప్రత్యేకమైన పద్ధతి ఒకటుంది. అమెరికాలో కేథరిన్ షియర్ అనే మనోవైద్యురాలి బృందం రూపొందించిన ఈ చికిత్స సుమారు పదహారు సెషన్లు ఉంటుంది. 2005లో ప్రచురించిన పరీక్షలో మరొక పేరున్న టాక్ థెరపీతో పోల్చి చూస్తే, దీనితో మెరుగైనవారు 51 శాతం, దానితో మెరుగైనవారు 28 శాతం. గమనించండి, ఇందులోనూ సగం మందికి దగ్గరగా ఆశించినంత మేలు కలగలేదు. తప్పక నయమవుతుందని ఎవరైనా మాట ఇస్తే అనుమానించండి. ఆ పద్ధతిలో చనిపోయిన మనిషితో ఊహలో మాట్లాడించి, ఆయన ఏమంటారో ఆయన గొంతుతో మీ చేతనే చెప్పిస్తారు. దాంతో పాటు, ఇకపై మీ బతుకులో మీకు ఏం కావాలో కూడా మొదటి నుంచే అడుగుతారు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఇది నాటకంలా అనిపించింది. గదిలో చూశాక అలా అనిపించలేదు.

మాస్టారి అభ్యంతరాలకు వస్తాను. శోకం రోగం కాదు, అందులో మా మధ్య భేదం లేదు. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీర్ఘశోకానికి ఒక పేరు ఉన్న మాట వాస్తవమే. అయితే అది ఆరు నెలలకు పైబడి, ఆ మనిషి సంస్కృతిలో, మతంలో సహజమనుకునే హద్దు దాటి, రోజువారీ బతుకును దెబ్బతీసినప్పుడే వర్తిస్తుంది. ఇక పడమటి విద్య అన్న మాట. ‘మాటల చికిత్స’ అన్న పేరు వియన్నాలో బ్రాయర్ అనే వైద్యుడి దగ్గరకు వచ్చిన బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతి పెట్టింది. అంటే పేరు పెట్టింది వైద్యులు కాదు, బాధపడిన మనిషే. ఆమె కథను బ్రాయర్, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1895లో పేరు మార్చి ప్రచురించారు. అది జరిగిన మూడు దశాబ్దాల లోపే, 1922లో, కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోసు భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, కొన్ని విషయాల్లో ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లోనే విభేదించారు. కాబట్టి ఈ విద్య మన దగ్గర వందేళ్లు దాటినదే. ఖర్చు విషయంలో మాత్రం నా దగ్గర ఎదురు జవాబు లేదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మనస్తత్వశాస్త్రం చదవని స్థానికులకే శిక్షణ ఇచ్చి, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చేయించారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు కుంగుబాటు నుంచి బయటపడినవారు 64 శాతం, ఆ సెషన్లు లేనివారిలో 39 శాతం. ఇది ప్రతి మండలానికీ ఎందుకు రాలేదన్నది మనం ప్రభుత్వాలను అడగవలసిన ప్రశ్న.

వెళ్లే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అందరూ ఆర్.సి.ఐ. అంటారు, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడిగితే చెప్పాలి, అడగడంలో మొహమాటం అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు వంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉంటాయి. వాటిని మొదటి రోజే అడిగి తెలుసుకోండి. బాగానే ఉందనిపించినా మాత్రలను మీ అంతట మీరు మానేయకండి. ఫీజు భారమైనవారు హైదరాబాదు ఎర్రగడ్డలోని, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలకు వెళ్లవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. రెండున్నరకు లేచి కూర్చున్నప్పుడు బతకాలనిపించని ఆలోచన వస్తే సెషన్ దాకా ఆగకండి, ఆ నంబరుకు అప్పుడే చేయండి.


తుంగభద్ర_ఒడ్డున

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మూడు సెషన్లు అయ్యాయి.

మొదటి రోజు నిరాశగా అనిపించింది. నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరెవరు, ఇవే ప్రశ్నలు. రెండో వారం ఫోన్ గురించి చెప్పాను. దాన్ని తీసుకురమ్మంటారేమోనని భయపడ్డాను, అనలేదు. ‘ఛార్జింగు పెట్టే రోజున మీకు ఎలా ఉంటుంది?’ అని మాత్రం అడిగారు. దీపం పెట్టినట్టు ఉంటుందని నా నోట వచ్చింది. అలా అనుకుంటున్నానని నాకే తెలియదు. మాస్టారు గారూ, ఆ సైకాలజిస్టుది అనంతపురం. మనలాగే మాట్లాడుతున్నారు.

మూడో వారం ఆ రాత్రి గురించి అడుగుతారనుకుని గట్టిగా సిద్ధపడి వెళ్లాను. ఆవిడ ‘మీ నాన్నగారు ఎలా ఉండేవారు?’ అన్నారు. నాకు ఏమీ గుర్తురాలేదు. ఆసుపత్రి పడక, మాస్కు, అంతే. నాలుగేళ్లుగా నాకు నాన్న అంటే ఆ తొమ్మిది రోజులేనని అప్పుడు అర్థమై చాలాసేపు ఏడ్చాను. వెళ్లబోయే ముందు ఒకటి గుర్తొచ్చింది. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఎండాకాలం మిద్దె మీద అందరం పడుకున్నప్పుడు నిద్రలో ‘రైట్ రైట్’ అని అరిచేవారు. అమ్మ ఉలిక్కిపడి లేచి, బస్సు ఆపమని తిట్టేది. అది చెబుతూ నవ్వాను. ఆ సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి చెబితే, ‘మధ్యలో టికెట్ టికెట్ అని కూడా అనేవాడు, మరిచిపోయావా?’ అంది.

రెండున్నర మెలకువ ఇంకా అలాగే ఉంది. వచ్చే గురువారం ఆ రాత్రిని కళ్ళు మూసుకుని చెప్పాలన్నారు. భయంగానే ఉంది, కానీ వెళతాను. లోకో పైలట్ గారూ, ఒక్క సందేహం. అటువంటి సెషన్ అయిన రోజు మీరు డ్యూటీకి వెళ్లగలిగేవారా? నాకు గురువారం సాయంత్రం నాలుగు గంటలకు ఇచ్చారు, ఆ తర్వాత బ్రాంచిలో క్యాష్ లెక్క సరిచూడాలి.


కాజీపేట_లోకో

వెళ్లకండి మేడం. ఆ రోజుకు సెలవు పెట్టండి. నేను రెస్టు ఉన్న రోజులకే సెషన్ అడిగి పెట్టించుకునేవాడిని. వీలైతే ఉదయం పూటకు మార్చమనండి, రాత్రి పడేలోపు తేరుకోవడానికి ఒక పగలంతా మిగులుతుంది. సెషన్ అయ్యాక నేరుగా ఇంటికి పోకుండా స్టేషన్ ఎదుట టీకొట్టులో అరగంట కూర్చునేవాడిని. సగం రోజులు టీ చల్లారిపోయేది, ఆ కొట్టాయన మళ్ళీ వేడి చేసి ఇచ్చేవాడు. ఇంట్లో ఎవరూ ఆ రోజు ఏమీ అడగకూడదని మా ఆవిడకు ముందే చెప్పి ఉంచాను. మీరు కూడా మీ ఆయనకు బుధవారమే చెప్పి ఉంచండి.